పురుగు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే జన్యు మార్కర్లు: అడవి చీడల కోసం తయారుచేసే పద్ధతి

స్పాంజీ మాత్ అనే రెక్కల పురుగును ఒకాయన 1860ల చివర్లో యూరప్ నుంచి అమెరికా తీసుకెళ్లి, మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌లో తన ఇంటి దగ్గర పెంచాడు. వాటిలో కొన్ని తప్పించుకున్నాయి. 1889 వచ్చేసరికి ఆ ఊరి చెట్లకు ఆకు మిగల్లేదు. ఆ యూరప్ రకంలో ఆడ పురుగుకు రెక్కలున్నా ఎగరలేదు. అదే జాతికి చెందిన ఆసియా రకంలో ఆడది చక్కగా ఎగురుతుంది, కాబట్టి అది ఎంత వేగంగా వ్యాపిస్తుందనే లెక్కే మారిపోతుంది. ఓడ మీద దొరికిన గుడ్ల సముదాయాన్ని ఎంత పరీక్షగా చూసినా అది ఏ రకమో కంటికి తెలియదు. డీఎన్ఏ చెప్పాలి.

ఆ సమాధానం రాబట్టడానికి కావలసిన మార్కర్లను, అంటే తేడాను పట్టిచ్చే డీఎన్ఏ చోట్లను, మొదటి నుంచి ఎలా తయారుచేయాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను. ప్రయోగశాలలో చేసే పని ఇందులో సగమే. మిగతా సగం ఆ పురుగు ఎలా పుడుతుంది, ఎలా జతకడుతుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది అన్నది తెలుసుకోవడం. ఆ సగాన్ని వదిలేసినవాళ్లు తయారుచేసిన మార్కర్లే తరువాత అందరినీ తప్పుదారి పట్టిస్తాయి.

ముందు ప్రశ్న, తరువాత మార్కర్

ఏ మార్కర్ వాడమంటారు అని అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: ఎంత కాలం కిందటి సంగతి మీకు కావాలి?

జాతి ఏదో, లేక చాలాకాలం కిందట విడిపోయిన శాఖ ఏదో తేల్చడానికి మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు ముక్క తరచుగా సరిపోతుంది. 1994లో ఫోల్మర్ బృందం ప్రచురించిన ప్రైమర్ల (నకలు తీయాల్సిన చోటును పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) జతతో దాదాపు 650 బేస్ జతల (బేస్ అంటే డీఎన్ఏలో ఒక అక్షరం) ముక్క చాలా కీటకాల్లో వస్తుంది. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. కానీ మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది, అందుకని అది చెప్పేది తల్లి వైపు కథే. దానికి తోడు వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంది. అది కీటకాల గుంపులో వ్యాపించేటప్పుడు తనతోపాటు ఒకే రకం మైటోకాండ్రియాను కూడా అందరిలోకీ మోసుకుపోగలదు. ఊరూరా ఒకే సీఓఐ కనిపిస్తే పురుగులన్నీ ఒక్కటే అనుకునే ముందు, కొన్ని నమూనాలకు వోల్బాకియా పరీక్ష చేయించండి.

గత కొన్ని పదుల తరాల్లో పురుగు ఎటు కదిలింది, ఈ ఉధృతికి మూలం ఏ లోయ అన్న ప్రశ్నలకు కేంద్రకంలోని మార్కర్లు కావాలి. వాటిలో రెండు ముఖ్యం. ఒకటి నుంచి ఆరు బేస్‌ల చిన్న ముక్క వరసగా మళ్లీ మళ్లీ వచ్చే చోటును మైక్రోశాటిలైట్ అంటాం. డీఎన్ఏ నకలయ్యేటప్పుడు అక్కడ జారుడు జరిగి ఒక మెట్టు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. అందుకే ఒక్కో చోట పది పదిహేను అల్లీల్స్ (ఒకే డీఎన్ఏ చోటుకు ఉండే వేర్వేరు రూపాలు) కూడా కనిపిస్తాయి. రెండోది స్నిప్, అంటే ఒకే అక్షరంలో తేడా. దానికి మామూలుగా రెండే అల్లీల్స్ ఉంటాయి కాబట్టి వందల్లో, వేలల్లో కావాలి.

చిన్న ప్రయోగశాల, కొన్ని వందల పురుగులు, పాతబడి ముక్కలైన డీఎన్ఏ ఉన్నప్పుడు మైక్రోశాటిలైట్లు ఇప్పటికీ మంచి పనిముట్లే. సున్నితమైన తేడాలు కావాలన్నా, వేర్వేరు ప్రయోగశాలల ఫలితాలు కలపాలన్నా స్నిప్‌లు మేలు. రెక్కల పురుగులు, సీతాకోకచిలుకల వర్గం మీద పనిచేసేవాళ్లకు నా సలహా నేరుగా స్నిప్‌లకు వెళ్లమనే. ఈ వర్గంలో మైక్రోశాటిలైట్లకు ఇరుపక్కల ఉండే వరసలు జీనోమ్‌లో చాలా చోట్ల ఒకేలా ఉంటాయి. ఒక ప్రైమర్ జత నాలుగు చోట్ల అతుక్కుంటుంది, లేదా అసలు అతుక్కోదు. ఈ ఇబ్బంది అందరికీ తెలిసిందే. పెంకుపురుగుల్లో, రంపపు ఈగల్లో పని సులువు.

ప్రైమర్లు కొనే ముందు తెలుసుకోవాల్సిన మూడు సంగతులు

మొదటిది లింగ క్రోమోజోములు. రెక్కల పురుగుల్లో ఆడదానికి జడ్, డబ్ల్యూ ఉంటాయి, మగదానికి రెండు జడ్‌లు. మార్కర్ జడ్ మీద పడితే ఆడ పురుగులో ఒకే అల్లీల్ ఉంటుంది. అల్లీల్స్ చదివే యంత్రం దాన్ని సమయుగ్మజంగా, అంటే ఒకేలాంటి రెండు అల్లీల్స్ ఉన్నట్టు, చూపిస్తుంది. పైన్ చెట్ల బెరడు తొలిచే మౌంటెన్ పైన్ బీటిల్ అనే పెంకుపురుగు సంగతి ఇంకా చిక్కు. దానిలో ఒక మామూలు క్రోమోజోమ్ లింగ క్రోమోజోమ్‌తో కలిసిపోయి కొత్త ఎక్స్, కొత్త వై ఏర్పడ్డాయి. అక్కడి మార్కర్లు మగవాటిలో ఒక రకంగా, ఆడవాటిలో ఇంకో రకంగా కనిపిస్తాయి.

రెండోది క్రోమోజోమ్‌ల సంఖ్య. రంపపు ఈగల్లో, కలప కందిరీగల్లో మగది ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి పుడుతుంది, దానికి ప్రతి క్రోమోజోమ్ జతలో కాకుండా ఒక్కటే ఉంటుంది. మగవాటిని ఆడవాటితో కలిపి లెక్కిస్తే అన్ని పరీక్షలూ తప్పుతాయి. కానీ ఇదే మనకు వరం కూడా. ప్రతి క్రోమోజోమ్ ఒక్కటే ఉన్న మగ పురుగులో ఒక మార్కర్ దగ్గర రెండు అల్లీల్స్ కనిపిస్తే ఆ ప్రైమర్లు రెండు చోట్ల అతుక్కుంటున్నాయని అర్థం. అంతకంటే తేలికైన పరీక్ష ఇంకొకటి లేదు.

మూడోది బంధుత్వం. మౌంటెన్ పైన్ బీటిల్ సోకిన చెట్టు బెరడు ఒలిచి చూడండి. తల్లి తొలిచిన సొరంగం నిలువుగా పైకి పోతుంటుంది, లోపల పొట్టు గట్టిగా కూరి ఉంటుంది. దానికి రెండు పక్కలా లార్వాల సన్నని సొరంగాలు అడ్డంగా చీలిపోయి, దూరం పోయేకొద్దీ వెడల్పవుతూ చివర ప్యూపా గదుల్లో ముగుస్తాయి. అక్కడి లార్వాలన్నీ ఒక తల్లి బిడ్డలు. మొదట్లో నేను ఒకే దుంగ నుంచి ముప్పై లార్వాలు ఏరి ఒక నమూనాగా పంపాను. ఫలితాల్లో ఆ ప్రాంతం మిగతా అన్నిటికంటే వేరుగా నిలబడింది. వారం రోజులు సంతోషించాక తెలిసింది, అది ప్రత్యేకమైన గుంపు కాదు, మూడు కుటుంబాలని. అప్పటి నుంచి సొరంగానికి ఒకటి, వీలైతే చెట్టుకు ఒకటి చొప్పునే తీస్తున్నాను. గుడ్ల సముదాయమైతే సముదాయానికి ఒక గుడ్డు.

సేకరణ

ఒక్కో చోట నుంచి 25 నుంచి 30 పురుగులు చాలు. ఇంకా డబ్బుంటే ఒక్క చోట ఎక్కువ తీయడం కంటే ఎక్కువ చోట్ల నుంచి తీయండి.

రెక్కల పురుగులకు పెట్టే లింగాకర్షక బుట్టల్లో మగవే పడతాయి. అది తెలిసి వాడితే ఇబ్బంది లేదు. పైగా మగవాటిలో రెండు జడ్‌లుంటాయి కాబట్టి లెక్క సులువు. బెరడు పురుగుల ఎరలకు ఆడా మగా రెండూ వస్తాయి. బుట్టలో చచ్చి, ఎండకు ఎండి, వానకు నానిన పురుగు డీఎన్ఏ ముక్కలైపోతుంది. రెండు మూడు రోజులకోసారి ఖాళీ చేయలేకపోతే అడుగున ప్రొపిలీన్ గ్లైకాల్ పోసి పెట్టండి.

పట్టిన పురుగును నేరుగా 95 శాతం దాటిన ఇథనాల్‌లో వేయాలి. ఇథైల్ అసిటేట్ సీసాలో చంపితే డీఎన్ఏ దెబ్బతింటుంది. ఫార్మలిన్ జోలికి అసలు పోవద్దు. లావైన గొంగళిపురుగు ఒంట్లోని నీరు ఇథనాల్‌ను పలచన చేస్తుంది కాబట్టి మరుసటి రోజు పాతది ఒంపేసి కొత్తది పోయండి. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి, బయట రాసిన సిరా ఒక్క ఇథనాల్ చుక్కకు చెదిరిపోతుంది. తేదీ, అక్షాంశ రేఖాంశాలు, చెట్టు జాతి, పురుగు దశ, తెలిస్తే లింగం రాయాలి. చెట్టు జాతిని చాలామంది వదిలేస్తారు. వేర్వేరు చెట్లకు అలవాటుపడ్డ గుంపులు ఒకే అడవిలో ఉండవచ్చు, ఆ సంగతి తరువాత కావాలంటే ఆ ఒక్క మాటే దిక్కు.

డీఎన్ఏ తీయడం

పురుగంటే పురుగొక్కటే కాదు. గొంగళిపురుగు పొట్టలో ఆకు ఉంటుంది, ఒంట్లో పరాన్నజీవి కందిరీగ లేదా ఈగ పిల్ల ఉండవచ్చు. బెరడు పురుగు కలపకు నీలిమచ్చ తెచ్చే శిలీంధ్రాలను, మైట్లనే చిన్న నల్లులను, నులిపురుగులను మోసుకు తిరుగుతుంది. వీటి డీఎన్ఏ కూడా మీ గొట్టంలోకి వస్తుంది. అందుకే పొట్ట వదిలేసి కాళ్లు, తల, రొమ్ముభాగం వాడండి. మిగిలిన దేహాన్ని పారేయకుండా దాచండి. రేపు జాతి గుర్తింపు మీద అనుమానం వస్తే అదే సాక్ష్యం.

ప్రోటీన్లను కరిగించే ప్రోటీనేజ్ కె ఎంజైమ్ వేసి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, సిలికా కాలమ్ మీద శుద్ధి చేస్తే చాలావరకు సరిపోతుంది. టానిన్లు ఎక్కువున్న ఆకులు తిన్న లార్వాల రంగు వదలకపోతే సీటాబ్ అనే డిటర్జెంట్ వాడే పద్ధతికి మారండి. పరిమాణం కొలవడానికి నానోడ్రాప్ (కాంతి శోషణతో కొలిచే యంత్రం) అంకెను నమ్మవద్దు, క్యూబిట్ లాంటి ఫ్లోరసెంట్ కొలత చేయండి. సీక్వెన్సింగ్‌కు పంపే నమూనాను ఒక శాతం అగరోజ్ జెల్ మీద తప్పకుండా చూడాలి. పైన బిగువైన పట్టీ ఉంటే మంచిది, కిందదాకా పొగలా జారితే మళ్లీ తీయండి.

మార్కర్ చోట్లను వెతకడం

మీ పురుగు జీనోమ్ ఇప్పటికే బహిరంగ డేటాబేస్‌లో ఉందేమో ముందు చూడండి. మౌంటెన్ పైన్ బీటిల్ జీనోమ్ ముసాయిదా 2013లోనే ప్రచురితమైంది. లేకపోతే తక్కువ లోతు సీక్వెన్సింగ్, అంటే జీనోమ్‌ను కొద్దిసార్లే చదవడం, చాలు. ఉదాహరణకు 30 కోట్ల బేస్‌ల జీనోమ్‌ను మూడింతలు చదవాలంటే 90 కోట్ల బేస్‌లు కావాలి. రెండు వైపులా 150 చొప్పున చదివే యంత్రంలో అది 30 లక్షల జతలు. ఒక్క పురుగునే కాకుండా దూరదూరాల నుంచి తెచ్చిన మూడు నాలుగింటిని వేర్వేరు గుర్తుతో చదివిస్తే, ఏ చోటు మారుతుందో కంప్యూటర్ మీదే తెలిసిపోతుంది.

వచ్చిన చోట్లలో మూడేసి, నాలుగేసి బేస్‌లు పునరావృతమయ్యేవాటికి పెద్దపీట వేయండి. రెండేసివి ఎక్కువ దొరుకుతాయి గానీ పొడవు చదివే యంత్రం చూపే వాటి శిఖరాల పక్కన నీడ శిఖరాలు వచ్చి చదవడం కష్టమవుతుంది. పునరావృతాలు ఎనిమిది నుంచి పదిహేను ఉంటే మంచిది. మరీ తక్కువైతే తేడా ఉండదు, మరీ ఎక్కువైతే పెద్ద అల్లీల్ పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకు కోట్ల నకళ్లు తీసే ప్రక్రియలో) రాలిపోతుంది. ఇరుపక్కల వరసలను మొత్తం డేటాతో పోల్చి, ఒకటికంటే ఎక్కువ చోట్ల కనిపించినదాన్ని తీసేయండి. బ్యాక్టీరియా, శిలీంధ్ర, మొక్క వరసలను పోలినవి కూడా పక్కకు పోవాలి.

ప్రైమర్3 లాంటి ప్రోగ్రామ్‌కు 18 నుంచి 24 బేస్‌ల పొడవు, 58 నుంచి 62 డిగ్రీల ద్రవీభవన ఉష్ణోగ్రత, 100 నుంచి 350 బేస్ జతల ఉత్పత్తి అని చెప్పండి. అది ఇచ్చిన మొదటి జతను అలాగే తీసుకోవద్దు. మీ దగ్గరున్న మూడు నాలుగు పురుగుల వరసలను ఆ చోట ఒకదాని కింద ఒకటి పేర్చి, ప్రైమర్ కూర్చునే చోట అక్షరాలు మారుతున్నాయేమో కంటితో చూడండి. ముఖ్యంగా ప్రైమర్ 3 ప్రైమ్ కొస. అక్కడ ఒక్క అక్షరం మారినా కొన్ని పురుగుల్లో ఆ అల్లీల్ పీసీఆర్‌లో కనిపించకుండా పోతుంది. చోటుకు అయిదు నిమిషాలు పట్టే ఈ పని తరువాత నెలల శ్రమ తప్పిస్తుంది.

వడపోత, చదవడం

48 జతలతో మొదలుపెట్టి చివరికి 12 నుంచి 15 మిగిలితే మంచి పంటే. మొదటి విడత ఎనిమిది పురుగులు, ఎనిమిదీ దూరదూరపు చోట్లవి, పక్కనే నీళ్లు మాత్రమే వేసిన ఖాళీ గొట్టం. జెల్ మీద శుభ్రమైన పట్టీ ఇవ్వని జతలను బతికించడానికి ఉష్ణోగ్రతలు మారుస్తూ వారాలు గడపవద్దు. వదిలేయండి.

యంత్రానికి కనిపించాలని ప్రతి ప్రైమర్‌కూ ఖరీదైన రంగు అంటించడం ఎందుకు? జతలోని ముందు వైపు ప్రైమర్‌కు ఎం13 అనే 18 బేస్‌ల తోక తగిలించి, రంగు మాత్రం ఎం13 ప్రైమర్‌కే పెడితే ఒక్క రంగు ప్రైమర్ అన్నిటికీ పనికొస్తుంది. అయితే ఉత్పత్తి పొడవు 18 పెరుగుతుందని రాసిపెట్టుకోండి. తరువాత తోక లేని ప్రైమర్లకు మారినప్పుడు అంకెలు కలవక తికమకపడేది ఇక్కడే.

అల్లీల్ పొడవులను యంత్రం దశాంశాల్లో ఇస్తుంది. 152.3, 156.2, 160.1 ఇలా. వీటిని దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తే సరిపోతుందనిపిస్తుంది, సరిపోదు. నాలుగు బేస్‌ల మెట్టు యంత్రం మీద 3.9గా కనిపిస్తే పది మెట్లు దాటేసరికి ఒక బేస్ తేడా వస్తుంది. అన్ని పొడవులనూ చిన్న నుంచి పెద్దకు పేర్చి గీత గీయండి. మెట్లు మెట్లుగా కనిపిస్తాయి, ఆ మెట్ల మధ్య ఖాళీల్లో సరిహద్దులు పెట్టండి. పదింట ఒక పురుగుకు డీఎన్ఏ తీయడం దగ్గర నుంచి మళ్లీ చేసి, పాత ఫలితం చూడకుండా చదవాలి. రెండు చదువులు ఎన్నిసార్లు కలవలేదో ఆ శాతమే మీ తప్పుల రేటు.

అసలు పరీక్ష: విషమయుగ్మజాలు ఎందుకు తగ్గాయి?

ఇక్కడ తొందరపడవద్దు. పురుగులు సేకరించిన ఒక్కో చోట, ఒక్కో మార్కర్‌కు హార్డీ–వైన్‌బర్గ్ నిష్పత్తితో (యాదృచ్ఛికంగా జతకట్టే గుంపులో ఉండాల్సిన నిష్పత్తితో) పోల్చి చూస్తాం. కీటకాల్లో చాలాసార్లు విషమయుగ్మజాలు (రెండు వేర్వేరు అల్లీల్స్ ఉన్న పురుగులు) అనుకున్నదానికంటే తక్కువ వస్తాయి. ఆ మార్కర్‌ను వెంటనే తీసేసేవాళ్లున్నారు, పట్టించుకోకుండా ముందుకు పోయేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. ఆ లోటు ఎక్కడెక్కడ ఉందో చూస్తే కారణం అదే చెబుతుంది.

ఒకే మార్కర్ అన్ని చోట్లా లోటు చూపిస్తే ప్రైమర్ అతుక్కోని అల్లీల్ ఉందని అనుమానించాలి, దాన్నే శూన్య అల్లీల్ అంటాం. ఒకే చోట మార్కర్లన్నీ లోటు చూపిస్తే మార్కర్ల తప్పు కాదు. ఆ చోట రెండు వేర్వేరు గుంపులను కలిపేశారు, లేదా దగ్గరి బంధువుల మధ్య జతకట్టడం జరుగుతోంది. లోటు ఒక లింగంలోనే ఉంటే ఆ మార్కర్ లింగ క్రోమోజోమ్ మీద ఉంది. పెద్ద అల్లీల్స్ ఉన్న పురుగుల్లోనే ఉంటే పొడవైన ముక్క పీసీఆర్‌లో రాలిపోతోంది.

శూన్య అల్లీల్ ఎంత మోసం చేస్తుందో ఒక లెక్కతో చూద్దాం. ఒక చోట 30 పురుగుల్లో విషమయుగ్మజాల వాటా 0.72 ఉండాల్సింది 0.45 మాత్రమే ఉందనుకోండి. శూన్య అల్లీల్ వాటాను అంచనా వేసే బ్రూక్‌ఫీల్డ్ సూత్రం ప్రకారం తేడాను, ఒకటికి 0.72 కలిపిన దానితో భాగించాలి. 0.27ను 1.72తో భాగిస్తే దాదాపు 0.16. అంటే ఆ చోట ప్రతి ఆరు అల్లీల్స్‌లో ఒకటి మనకు కనిపించడం లేదు. అయినా రెండూ శూన్య అల్లీల్స్ అయి అసలు పట్టీయే రాని పురుగులు ఎన్ని? 0.16 వర్గం 0.026, దాన్ని 30తో గుణిస్తే ఒకటి కూడా నిండదు. కాబట్టి ‘అన్ని నమూనాలూ పట్టీ ఇచ్చాయి, శూన్య అల్లీల్ లేదు’ అన్న వాదన నిలబడదు.

గట్టి రుజువు కావాలంటే కుటుంబాన్ని పెంచండి. ఒక తల్లిని విడిగా ఉంచి, గుడ్లు పెట్టించి, ఇరవై పిల్లలను తల్లితో కలిపి చదవండి. తల్లి 152/152 అని, పిల్లల్లో సగం 160/160 అని వచ్చిందనుకోండి. తల్లి నుంచి ఒక అల్లీల్ రాకుండా బిడ్డ ఉండదు. తల్లి నిజానికి 152తో పాటు ఒక శూన్య అల్లీల్ మోస్తోంది, ఆ సగం పిల్లలకు శూన్యమే దక్కింది. ఒక్క చూపులో తేలిపోయే ఈ పరీక్షకు ఏ గణాంకమూ సాటిరాదు. పెంపకం వీలైన ప్రతి పురుగుకూ ఇది చేసి తీరాలని నా పట్టు. అలాంటి మార్కర్ దొరికితే ప్రైమర్‌ను కాస్త పక్కకు జరిపి మళ్లీ రూపొందించండి, చాలాసార్లు బాగుపడుతుంది.

మార్కర్ల జతల మధ్య అనుబంధం కూడా చూడాలి. రెండు మార్కర్లు అన్ని చోట్లా కలిసి నడుస్తుంటే అవి ఒకే క్రోమోజోమ్ మీద పక్కపక్కన ఉన్నట్టు, ఒకటి ఉంచండి. వందల పరీక్షలు చేస్తున్నాం కాబట్టి కొన్ని యాదృచ్ఛికంగానే తప్పుతాయి, దానికి సవరణ వేయడం మరవద్దు.

స్నిప్ దారి పట్టినవాళ్లకు

రెండు కత్తెర ఎంజైములతో జీనోమ్‌ను కోసి, ఒక పరిమాణంలోని ముక్కలను మాత్రమే చదివే డీడీరాడ్ పద్ధతి 2012 నుంచి ప్రచారంలో ఉంది. ముందే జీనోమ్ లేకపోయినా వేల స్నిప్‌లు ఇస్తుంది. ఇందులో ఎక్కువమంది చేసే పొరపాటు నమూనాలను పళ్లెంలో అమర్చడంలో ఉంది. ఒక చోటి పురుగులన్నీ ఒక పళ్లెంలో, ఇంకో చోటివి ఇంకో పళ్లెంలో పెడితే, పళ్లేల మధ్య తేడా చోట్ల మధ్య తేడాగా కనిపిస్తుంది. ప్రతి చోటినీ అన్ని పళ్లేల్లోకీ పంచండి, ఒకే పురుగు డీఎన్ఏను ప్రతి పళ్లెంలోనూ ఒకసారి పెట్టండి.

చదివిన లోతు కనీసం పది ఉన్నవి, అయిదింట నాలుగు వంతుల పురుగుల్లో దొరికినవి ఉంచి, ఒక ముక్కకు ఒక స్నిప్ మాత్రమే తీసుకోండి. విషమయుగ్మజాలు సగానికి మించి కనిపించే డీఎన్ఏ చోట్లు చాలావరకు జీనోమ్‌లోని రెండు ఒకేలాంటి చోట్లు కలిసిపోయినవి, వాటిని తీసేయండి. మరో జాగ్రత్త ఉంది. ఒకే ప్రాంతపు పురుగుల్లో వెతికి ఎంచిన స్నిప్‌లు ఆ ప్రాంతంలో వైవిధ్యం ఎక్కువని, మిగతా చోట్ల తక్కువని చూపిస్తాయి. చిన్న ప్యానెల్ తయారుచేస్తున్నా సరే, వెతుకులాటలో పురుగు విస్తరించిన ప్రాంతమంతటి నుంచీ నమూనాలుండాలి.

మార్కర్లను పనిలో పెట్టడం

లెక్కలకు ముందు ఒకసారి తోబుట్టువులను వెతికి, ఎక్కువైనవాటిని తీసేయండి. స్ట్రక్చర్ ప్రోగ్రామ్‌తో గుంపుల సంఖ్య తేల్చేవాళ్లు డెల్టా కె పద్ధతిని వాడతారు. అది ఒకటి అన్న సమాధానం ఎప్పటికీ ఇవ్వలేదు. నిజంగా ఒకే గుంపు ఉన్నా రెండో మూడో చూపిస్తుంది. బాగా ఎగిరే పురుగుల విషయంలో ఈ ముక్క గుర్తుండాలి. మౌంటెన్ పైన్ బీటిల్ గాలివాటున చెట్ల పైకెగసి చాలా దూరం పోగలదు. 2006లో అలాగే రాకీ పర్వతాలు దాటి కెనడాలోని అల్బెర్టాలోకి పెద్ద సంఖ్యలో దిగింది. అలాంటి పురుగులో గుంపుల మధ్య గీతల కంటే దూరం పెరిగేకొద్దీ పెరిగే తేడా ఎక్కువ కనిపించవచ్చు, కాబట్టి దూరానికీ తేడాకూ ఉన్న సంబంధాన్ని ముందు చూడండి.

చివరి పని, చాలామంది దాటేసే పని. ప్రైమర్ల వరసలతోపాటు తోక ఉందో లేదో, పునరావృత రకం, అల్లీల్ పొడవుల హద్దులు, లింగ క్రోమోజోమ్ సంగతి, శూన్య అల్లీల్ అంచనా, పనికిరాక వదిలేసిన మార్కర్ల జాబితా అన్నీ బయటపెట్టండి. అల్లీల్స్ తెలిసిన నాలుగు పురుగుల డీఎన్ఏను చిన్న చిన్న గొట్టాల్లో పంచి, మైనస్ 80 దగ్గర ఉంచండి. ఇంకో ప్రయోగశాల మీ మార్కర్లు వాడతామని రాసినప్పుడు ప్రైమర్ల చీటీతోపాటు ఆ నాలుగు గొట్టాలూ పంపండి. వాళ్ల యంత్రం మీద మీ 156 ఎంత చూపిస్తుందో అప్పుడే తెలుస్తుంది.